పదోన్నతి రద్దు కోరు దరఖాస్తు

మనిషి విలువ ఇంత అని నికరంగా తేల్చి చెప్పగలిగిన దేశం భూమ్మీద కెనడా ఒక్కటే. తక్కిన దేశాలవాళ్ళు ఇంకా "వాడు ఉత్తముడండీ", "ఆ పిల్ల పనిమంతురాలు" వంటి మోటు మాటలతో రోజులు నెట్టుకొస్తున్నారు. కెనడాలో ఆ బాధ లేదు. అక్కడే ఉండిపోతానని అడిగే ప్రతి పరాయి మనిషికీ ఒక అంకె ఉంటుంది. వయసుకి ఇన్ని, చదువుకి ఇన్ని, భాషకి ఇన్ని, చేసిన ఉద్యోగానికి ఇన్ని అని పాయింట్లు కూడితే ఆ అంకె వస్తుంది. (ఓపికకి పాయింట్లు లేవు. ఉంటే అందరికీ నిండా వచ్చేసి, ఎవరినీ ఆపడానికి వీలుండదని స్థిరనివాస శాఖవారి అభిప్రాయం.)

విన్నిపెగ్ నగరంలో బోడ్నార్ డోనట్ల దుకాణంలో పనిచేసే మారివిక్ దిమాకులంగాన్ అంకె నాలుగువందల తొంభై ఒకటి.

మారివిక్‌ది ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో అనే ఊరు. ఐదేళ్ళ కిందట వచ్చి, విన్నిపెగ్‌లోనే ఓ కాలేజీలో రెండేళ్ళు హోటల్ నిర్వహణ చదివింది. చదువయ్యాక పట్టాతో పాటు మూడేళ్ళ పని పర్మిట్ చేతిలో పెట్టారు. దాని తాత్పర్యం ఏమిటంటే: అమ్మాయ్, ఈ మూడేళ్ళూ మా ఊళ్ళో చాకిరీ చేస్తూ ఉండు, నువ్వు మాకు పనికొస్తావో లేదో ఈలోగా మేం ఆలోచించుకుంటాం. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కాఫీ తాగేసి, ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామనడం మనం ఎరిగిందే. ఇక్కడ మూడేళ్ళు కూర్చుని కాఫీ తాగుతారు. అదీ పిల్ల చేతే పోయించుకుని.

ఆ పర్మిట్ ఏప్రిల్ పదిహేనుతో సరి. ఆలోగా శాఖవారు పిలిస్తే స్థిరనివాసం, పిలవకపోతే సామాను సర్దుకోవడం.

పిలుపు ఎలా వస్తుందంటే, రెండు వారాలకోసారి బుధవారంనాడు శాఖవారు ఒక గీత గీస్తారు. ఐదువందల ఒకటి అంటే ఐదువందల ఒకటీ ఆ పైనా ఉన్నవాళ్ళకి పిలుపు. కిందివాళ్ళకి రెండు వారాల తర్వాత ఇంకో బుధవారం. గీత ఎప్పుడు ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. తెలిస్తే జనం దానికి తగ్గట్టు తయారైపోతారని, అప్పుడు అర్హత ఉన్నవాళ్ళే వచ్చే ప్రమాదముందని శాఖ భయం.

ఇక ఉద్యోగం సంగతి. మారివిక్ మొదటి ఏడాది కౌంటర్లో నిలబడి కాఫీ పోసింది. అది లెక్కలోకి రాదు. తర్వాత ఆమెని సూపర్‌వైజర్ని చేశారు, అంటే ఇప్పుడు కాఫీ పోస్తూనే, పక్కన కాఫీ పోసేవాళ్ళని కూడా చూస్తుంది. ఇది లెక్కలోకి వస్తుంది. పని చెయ్యడం అనుభవం కాదనీ, పని చేస్తున్నవాళ్ళకేసి చూడటమే అనుభవమనీ శాఖవారు ఎప్పుడో కనిపెట్టారు. (ప్రపంచంలో ఏ ఆఫీసుకెళ్ళినా ఈ సిద్ధాంతం రుజువవుతుంది, వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు.)

సూపర్‌వైజర్‌గా రెండేళ్ళు నిండే రోజు ఫిబ్రవరి పది. ఆ రోజు పదమూడు పాయింట్లు వచ్చి, అంకె ఐదువందల నాలుగవుతుంది. బాగానే ఉంది. కానీ ఫిబ్రవరి పందొమ్మిదిన మారివిక్‌కి ముప్ఫై ఏళ్ళు నిండుతాయి. ముప్ఫై నిండిన మనిషి శాఖవారి దృష్టిలో ఎండకి పెట్టిన వెన్నముద్ద. ఆ ఉదయమే ఆరు పాయింట్లు పోయి, నాలుగువందల తొంభై ఎనిమిదికి దిగుతుంది. గడిచిన ఏడాదిలో గీత ఐదువందలకి కింద ఒక్కసారీ పడలేదు.

అంటే ఫిబ్రవరి పదికీ పందొమ్మిదికీ మధ్యన తొమ్మిది రోజులపాటు మాత్రమే మారివిక్ కెనడాకి పనికొచ్చే మనిషి. ఆ తొమ్మిది రోజుల్లో బుధవారం ఒక్కటే, పన్నెండో తారీకు.

ఫ్రిజ్ మీద తగిలించిన క్యాలెండర్‌లో ఆ బుధవారం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది మారివిక్‌తో పాటు ఒకే ఇంట్లో అద్దెకుండే లుజ్విమిందా. అందరికీ లుజ్ అక్క. వృద్ధాశ్రమంలో ఆయాగా చేస్తుంది. పదహారేళ్ళ కిందట వచ్చి, స్థిరనివాసం దాటి పౌరసత్వం కూడా పుచ్చుకుని కూర్చుంది.

"మా రోజుల్లో ఇన్ని వేషాల్లేవే," అంది లుజ్ అక్క, చేపలు వేయిస్తూ. "ఒకాయన పిలిచి, చలికి తట్టుకోగలవా అనడిగాడు. తట్టుకుంటానన్నాను. ముద్ర కొట్టేశాడు."

"ఆ పథకం ఇప్పుడుందా అక్కా?"

"ఎత్తేశారు. సులువుగా ఉందని ఫిర్యాదులొచ్చాయట."

"ఉత్తరాన ఏదో పల్లెల పథకం ఉందన్నావు?"

"ఉంది. రెండొందల పన్నెండు మంది ఉండే ఊరు. ఏడాదికి ఒక్కర్ని తీసుకుంటారు. ఈ ఏడు పళ్ళ డాక్టర్ని తీసేసుకున్నారు."

"పోనీ ఫ్రెంచి వస్తే పాయింట్లు ఎక్కువటగా, నేర్చుకుంటే?"

"నేర్చుకున్నావుగా?"

"నేర్చుకున్నాను. పరీక్షకి తారీకు జూన్‌లో ఇచ్చారు." మారివిక్ నిట్టూర్చింది. బాలశిక్ష నుంచీ ఇంగ్లీషులోనే చదివిన పిల్ల ఇంగ్లీషు పరీక్ష ఇప్పటికి మూడుసార్లు రాసింది. ఎందుకంటే ఇంగ్లీషు వచ్చునన్న కాగితం రెండేళ్ళకి కాలం తీరిపోతుంది, పాలపొడి డబ్బాలాగా.

"అయితే పెళ్ళి చేసుకో. మా ఆశ్రమంలో ఒకాయన ఉన్నాడు, పెళ్ళాం పోయింది, ఎనభై మూడు."

"అక్కా!"

"ఊరికే అన్నానే. ఆయనకీ ఎవరో చెప్పేశారు. ఇప్పటికే నలుగురి వివరాలు ముందర పెట్టుకుని కూర్చున్నాడు."

ఇదీ జనవరి మొదటివారం నాటి పరిస్థితి. చెయ్యాల్సిందల్లా ఒక్కటే. కదలకుండా, మెదలకుండా, ఒంటిమీద ఈగ వాలినా తోలుకోకుండా ఫిబ్రవరి పన్నెండుదాకా ఉన్నచోటే ఉండాలి. మారివిక్‌కి అది చేతనవును. కానీ ఆమెకి ఓ మంచి యజమాని ఉన్నాడు. కొంప ముంచింది ఆ మంచితనమే.

వాల్టర్ బోడ్నార్ గారికి డెబ్బై ఒకటి. తాతలనాడు ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పాత పంచాంగం ప్రకారం క్రిస్మస్ జనవరి ఏడున చేస్తారు. ఏటా ఆ రోజు దుకాణం మధ్యాహ్నమే కట్టేసి, పనివాళ్ళందరికీ బీట్‌రూట్ పులుసూ, గసగసాలూ తేనే కలిపిన గోధుమ పాయసమూ తన చేత్తో వడ్డిస్తాడు. ఈ ఏడు వడ్డన అయ్యాక గరిటెతో గిన్నె మీద కొట్టి లేచి నిలబడ్డాడు.

"ఈ పిల్ల," అన్నాడు మారివిక్ భుజమ్మీద చెయ్యి వేసి, "మూడేళ్ళ నుంచీ ఈ దుకాణాన్ని నెత్తిమీద మోస్తోంది. నేను ముసలాణ్ణయిపోయాను. ఇవాళ్టి నుంచి మారివిక్ మేనేజర్!"

అందరూ చప్పట్లు కొట్టారు. పేరు చెక్కించిన ఇత్తడి బిళ్ళ ఆమె చొక్కాకి గుచ్చాడు. మారివిక్ ఏడ్చింది. సంతోషంతో అనుకుని బోడ్నార్ గారు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. పైగా ఆయన పద్ధతి గల మనిషి. పాయసం గిన్నె కడక్కముందే లోపలికెళ్ళి, ఉద్యోగి హోదా మారినట్టు శాఖవారి వెబ్‌సైట్లో నమోదు చేసి వచ్చాడు. చట్టాన్ని ఇంత శ్రద్ధగా పాటించేవాళ్ళ వల్ల లోకంలో ఎందరికి నష్టం జరిగిందో లెక్క తీసే శాఖ ఇంకా ఏర్పడలేదు.

మర్నాడు మారివిక్ శాఖవారి సహాయవాణికి ఫోన్ చేసింది. "మీ నిరీక్షణ మాకెంతో విలువైనది" అని ఒక రికార్డు గొంతు రెండు గంటల నలభై నిమిషాలు చెప్పింది. తర్వాత హోదాల సమన్వయాధికారి మిస్ ప్రూడెన్స్ కెటిల్‌వెల్ దొరికింది. ఎంత మర్యాదస్తురాలంటే, ఏం చెప్పినా ముందు క్షమాపణ చెప్పుకుని గాని చెప్పదు. ఆ దేశంలో క్షమాపణ చెప్పకుండా ఎవరూ ఎవరి కాలూ తొక్కరు.

"క్షమించాలి, మారివిక్ గారూ. నియమం నలభై రెండు ప్రకారం రెండేళ్ళ అనుభవమూ ఒకే హోదాలో, తెగకుండా ఉండాలండి. హోదా మారితే లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి."

"కానీ నాది పెరిగిందండీ!"

"పెరగడం కూడా మారడమేనండి. క్షమించాలి."

"సూపర్‌వైజర్ చేసే పనులన్నీ మేనేజర్ కూడా చేస్తుంది కదండీ? నేను పొద్దున కూడా అవే పనులు చేశాను. అదే గల్లా, అవే డోనట్లు."

"మీ మాట నాకు పూర్తిగా అర్థమైందండి," అంది మిస్ కెటిల్‌వెల్. "అర్థం చేసుకోవడం వరకే నా అధికారం."

"మరి నేనేం చెయ్యాలి?"

"పదోన్నతి రద్దు కోరవచ్చండి. హోదా-పదిహేడు అనే దరఖాస్తు. మీ యజమాని నింపాలి. ఇంకేమైనా సహాయం కావాలా? మీ రోజు శుభంగా గడవాలి."

మారివిక్ ఆ దరఖాస్తు ముద్రించుకుని దుకాణానికి పట్టుకెళ్ళింది. బోడ్నార్ గారు వెనక గదిలో పిండి జల్లిస్తున్నాడు.

"సార్, నన్ను దింపెయ్యండి."

"ఎక్కణ్ణించి?"

"మేనేజర్‌గిరీ నుంచి."

ఆయన జల్లెడ కింద పెట్టేశాడు. "ఎవరన్నా ఏమన్నా అన్నారా? ఆ వంటగది కుర్రాళ్ళేనా? చెప్పు, తాట తీస్తాను."

"ఎవరూ ఏమీ అనలేదు సార్. మీరు మంచి చేశారు. ఆ మంచి వల్ల నేను దేశం వదిలి వెళ్ళాల్సొస్తోంది."

విషయం వివరించడానికి పావుగంట పట్టింది. మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి ముఖం పాలిపోయింది పెద్దాయనకి. "నువ్వు వెళ్ళిపోతే ఈ దుకాణం ఎవరు చూస్తారే? నీకోసమే కదా నేను..." అని ఆగిపోయి, చేతులకంటిన పిండితోనే ముక్కు తుడుచుకున్నాడు. మారివిక్‌కి ఆయన్ని చూస్తే జాలేసింది. తన మీద తనకి జాలిపడటానికి ఇంకా వేళ చిక్కలేదు.

ఇద్దరూ కూర్చుని హోదా-పదిహేడు చదివారు. ఉద్యోగి హోదా తగ్గించడానికి శాఖవారు అంగీకరించే కారణాలు మూడు: దొంగతనం, అసమర్థత, విధుల్లో తాగి ఉండటం. ఉద్యోగి కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకోవడం అన్న కారణం జాబితాలో లేదు.

"అసమర్థత పెడదామా? చిన్నదిగా ఉంది," అన్నాడు బోడ్నార్ గారు.

"అసమర్థురాలి అనుభవం అనుభవం కాదని కింద రాశారు సార్."

"పోనీ దొంగతనం. రెండు డోనట్లు పట్టుకెళ్ళావని రాస్తాను."

"నేరాలేమీ లేవన్న పోలీసు కాగితం చెడిపోతుంది. జన్మలో ఇంకే దేశమూ రానివ్వదు."

"తాగుడు?"

"వైద్య పరీక్ష మళ్ళీ చేస్తారు. దానికి నాలుగు నెలలు."

ఆ సాయంత్రం దరఖాస్తు లుజ్ అక్క చేతికి వెళ్ళింది. లుజ్ అక్క వృద్ధాశ్రమంలో మందు సీసాల మీద చీమ తలకాయంత అక్షరాలు చదివి చదివి ఆరితేరిన మనిషి. నాలుగో పేజీ అడుగున ఒక వాక్యం పట్టుకుంది. పదోన్నతి ఇచ్చిన సమయంలో యజమాని తాగి, ఒంటిమీద తెలివి లేకుండా ఉన్నట్టు స్వయంగా ప్రమాణం చేస్తే, ఆ పదోన్నతి మొదటినుంచీ లేనట్టే పరిగణించబడును.

"దొరికిందే!" అని కేకేసింది లుజ్ అక్క. "నువ్వు తాగక్కర్లేదు. ఆయన తాగితే చాలు!"

మారివిక్ మాత్రం కూలబడిపోయింది. బోడ్నార్ గారు జన్మలో మద్యం చుక్క ముట్టి ఎరగడు. ఆయన తండ్రి తాగి తాగి పోయాడు. అప్పట్నుంచీ ఆయన చర్చిలో మద్యపాన నిషేధ సంఘానికి అధ్యక్షుడు, ముప్ఫై రెండేళ్ళుగా. ఆ మనిషి ముందు ఈ కాగితం పెట్టడానికి నోరెలా వస్తుంది?

నోరు రాలేదు. లుజ్ అక్కే తీసుకెళ్ళి గల్లాపెట్టె పక్కన పెట్టి, వేలితో ఆ వాక్యం చూపించింది. బోడ్నార్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీసేసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. తర్వాత పెన్ను అడిగాడు.

"ఎంత తాగానని రాయను?"

"సార్, వద్దు," అంది మారివిక్.

"నువ్వుండు. ఎంత తాగితే మనిషి మేనేజర్ ఉద్యోగాలు పంచిపెడతాడు? నాకు తెలీదు, తెలిసినవాళ్ళు చెప్పండి."

"వోద్కా, ఒక సీసా," అంది లుజ్ అక్క. "మీ ఒంటికి చాలు."

"రెండు రాస్తాను. అనుమానం లేకుండా ఉంటుంది," అన్నాడాయన. గుండ్రటి పాతకాలపు అక్షరాలతో, జనవరి ఏడున తాను రెండు సీసాలు తాగి ఒళ్ళు తెలియని స్థితిలో ఉన్నాననీ, ఆ మైకంలో చేసిన నియామకం చెల్లదనీ రాసి సంతకం పెట్టాడు. సాక్షి సంతకం లుజ్ అక్కది. (సాక్షి తాగి ఉండరాదని దరఖాస్తులో స్పష్టంగా ఉంది. ఉండలేదు.) వారం తిరక్కుండా ఈ సంగతి ఎలా పొక్కిందో చర్చిదాకా పోయింది. బోడ్నార్ గారిని అధ్యక్ష పదవి నుంచి తీసేశారు. ఆయన మారివిక్‌తో ఆ మాట అనలేదు. ఎప్పుడూ చర్చికి వెళ్ళే ఆదివారాలు దుకాణం తెరిచి ఉంచడం చూసి ఆమెకే తెలిసింది.

శాఖవారు ప్రమాణపత్రం అంగీకరించారు. పదోన్నతి లేనట్టయింది. ఇత్తడి బిళ్ళ డ్రాయర్లోకి వెళ్ళింది. ఫిబ్రవరి పదిన అంకె ఐదువందల నాలుగుకి ఎక్కింది.

పన్నెండో తారీకు మధ్యాహ్నం పన్నెండున్నరకి గీత పడింది. ఐదువందల మూడు.

మారివిక్ కాఫీ యంత్రం పక్కనే కింద కూర్చుండిపోయింది. బోడ్నార్ గారు ఆ పూట దుకాణంలో ఉన్న ప్రతి మనిషికీ తలా ఒక డోనట్ ఉచితంగా ఇచ్చాడు, ఎందుకో చెప్పకుండా. వారానికి పుట్టినరోజు వచ్చింది. ఫిలిప్పీన్స్‌వాళ్ళు పుట్టినరోజుకి నూడుల్స్ చేస్తారు. పోగులు ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత అని నమ్మకం, తుంచకూడదు. ఈ ఏడు ఎలాగూ పిలుపొచ్చేసింది కాబట్టి లుజ్ అక్క ధైర్యంగా తుంచకుండా చేసింది. "పోయినేడు నేనే ముక్కలు చేసి వండానే," అని అప్పుడు ఒప్పుకుంది. "నీ ఆయుష్షు పెరిగిపోతే పాయింట్లు పోతాయని భయపడి చచ్చాను." ముగ్గురూ పగలబడి నవ్వుకుంటూ తిన్నారు. బోడ్నార్ గారికి నూడుల్స్ మీసాలకి చుట్టుకున్నాయి.

పిలుపు వచ్చాక కాగితాలన్నీ పంపాలి. అందులో ముఖ్యమైనది యజమాని ఇచ్చే అనుభవ పత్రం. పంపారు. మార్చి మూడున శాఖ నుంచి జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. సదరు పత్రం మీద సంతకం చేసిన శ్రీ బోడ్నార్, తన సొంత ప్రమాణం ప్రకారమే, పనివేళల్లో తాగి ఉద్యోగాలు పంచే స్వభావం కలవాడు. అందుచేత అనుభవ పత్రం రాసిన రోజున ఆయన తెలివిలో ఉన్నాడని డాక్టరు ధ్రువీకరించాలి. గడువు ముప్ఫై రోజులు.

విన్నిపెగ్‌లో మామూలు డాక్టరు దర్శనానికి ఏడు వారాలు పడుతుంది. అత్యవసరమైతే ఆసుపత్రికెళ్ళి పద్నాలుగు గంటలు కూర్చోవచ్చు. కానీ ఒక మనిషి తెలివిగా ఉన్నాడు అన్నది అక్కడ అత్యవసరాల కింద రాదు. లుజ్ అక్క తన ఆశ్రమానికి వచ్చే డాక్టర్ ష్రోడర్‌ని పట్టుకుంది. మనిషి దేవుడిలాంటివాడు, ఒక్క అబద్ధం ఆడడు. ఇరవై ఏడో రోజున బోడ్నార్ గారిని కూర్చోబెట్టి, నెత్తురు తీసి, కాలేయం బొమ్మ తీసి, నాడి చూసి, తిరుగులేని పత్రం రాసిచ్చాడు. ఇరవై ఎనిమిదో రోజున మారివిక్ దాన్ని ముద్దుపెట్టుకుని పంపింది. హడావుడిలో పైపైన చూసింది గాని, మూడో పేరా దాకా పోలేదు.

మూడో పేరాలో డాక్టరు గారు ఇలా రాశారు: శ్రీ బోడ్నార్ పూర్తి తెలివిలో ఉన్నారు. అంతేగాక, ఆయన శరీరంలో మద్యం ఎన్నడూ ప్రవేశించిన దాఖలాలు లేవు. ఈ వయసులో ఇంత శుభ్రమైన కాలేయాన్ని నేను చూడలేదు. వీరు జీవితంలో ఒక్కసారి కూడా తాగి ఉండరని నా వృత్తిపరమైన విశ్వాసం.

తర్వాతి బుధవారం మిస్ కెటిల్‌వెల్ స్వయంగా ఫోన్ చేసింది.

"ముందుగా క్షమించాలి, మారివిక్ గారూ. ఆ తర్వాత అభినందనలు."

"అభినందనలా?" మారివిక్ లేచి నిలబడింది. "అయిపోయిందా అండీ? వచ్చేసిందా?"

"శ్రీ బోడ్నార్ తాగలేదని రుజువైంది కదండి. తాగలేదు కాబట్టి ఆయన తెలివిలోనే మీకు పదోన్నతి ఇచ్చారు. తెలివిలో ఇచ్చారు కాబట్టి అది చెల్లుతుంది. జనవరి ఏడు నుంచీ మీరే మేనేజర్ అని శాఖ గుర్తించింది. అందుకని అభినందనలు."

మారివిక్ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మేనేజరు అయ్యారు కాబట్టి సూపర్‌వైజర్‌గా రెండేళ్ళు నిండలేదు. నిండలేదు కాబట్టి ఫిబ్రవరిలో మీ అంకె నాలుగువందల తొంభై ఒకటే. పిలుపు పొరపాటున వచ్చిందండి. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. ఇప్పుడు ముప్ఫై నిండాయి గనక నాలుగువందల ఎనభై ఐదు. అబద్ధపు ప్రమాణానికి ఐదేళ్ళు నిషేధం పెట్టవచ్చు గాని, మీ ప్రవర్తన చూసి శాఖ దయతలచింది."

"మిస్ కెటిల్‌వెల్," అంది మారివిక్, "ఆయన నాకోసం ఆ మాట రాశాడండీ. ముప్ఫై రెండేళ్ళ పరువు పోగొట్టుకుని రాశాడు. మీ ఫారంలో ఇంకో గడి లేక రాశాడు. మీకు అర్థమవుతోందా?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"అవుతోందండి," అంది మిస్ కెటిల్‌వెల్, నెమ్మదిగా. "ఈ సంభాషణ ఎలా జరిగిందో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమని మీకు సందేశం వస్తుంది. ఒకటి వేసుకోండి, ఏమనుకోను."

ఏప్రిల్ పదిహేనున పర్మిట్ తీరిపోయింది. అయితే కెనడా కఠిన హృదయం గల దేశం కాదు. పని చేసే హక్కు పోయినా, దరఖాస్తు పెట్టుకుంటే ఆరు నెలలు సందర్శకురాలిగా ఉండనిస్తుంది. సందర్శకులు మంచు చూడవచ్చు, నది చూడవచ్చు, దాచుకున్న సొమ్ము ఖర్చు పెట్టుకోవచ్చు. పని మాత్రం చెయ్యకూడదు, జీతం లేకుండా కూడా. అప్పటిదాకా మారివిక్ విన్నిపెగ్‌లో చూడాల్సినవేవీ చూసి ఎరగదు, తీరిక లేక. ఇప్పుడు బోలెడంత తీరిక. ఆమె బస్సెక్కి తిన్నగా బోడ్నార్ డోనట్ల దుకాణానికి వచ్చి, కౌంటర్‌కి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చుంటోంది. ఇంకెక్కడికి వెళ్ళాలో ఆమెకి నిజంగా తెలియదు.

మే నెల మొదటి సోమవారం. వీధి తలుపుకి రాత కాగితం అంటించి ఉంది: మేనేజరు కావలెను, స్థానికంగా పని చేసిన అనుభవం తప్పనిసరి. అలా రాయాలని శాఖవారే చెప్పారట. లోపల వరస గుమ్మం దాటి బయట కాలిబాట మీదికి పోయింది. కౌంటర్లో బోడ్నార్ గారు ఒక్కడే. కాఫీ పోస్తుంటే సగం పళ్ళెంలో పడుతోంది. ఒకరికివ్వాల్సిన పెట్టె ఇంకొకరికిచ్చి, పిలిచి, క్షమాపణ చెప్పి మళ్ళీ మార్చుకుంటున్నాడు. రెండో యంత్రంలో పొడి అయిపోయి ఎర్ర దీపం వెలుగుతోంది, ఆయన చూసుకోలేదు. మారివిక్ చూసింది. చూసి, తెలియకుండానే సగం లేచింది.

"కూర్చోవే అమ్మాయ్!" అన్నాడు బోడ్నార్ గారు అంత రద్దీలోనూ, కంగారుగా. "అది కూడా పనేనట. ఎవరన్నా శాఖవారికి రాసిపెడితే నీకు ఆ ఆర్నెల్లు కూడా ఉండవు. కూర్చో, నీకు దండం పెడతాను."

మారివిక్ కూర్చుంది.

వరసలో చివర ఉన్న పెద్దమనిషి గడియారం చూసుకుని విసుక్కుంటూ వచ్చి, ఆమె ఎదుటి కుర్చీలో చతికిలబడ్డాడు. కౌంటర్ కేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏం దేశమమ్మా ఇది. పాపం, ఆ ముసలాయన ఒక్కడే చస్తున్నాడు. ఈ రోజుల్లో పని చెయ్యడానికి ఒక్కళ్ళకీ ఒళ్ళు వంగదు."

"అవునండీ," అంది మారివిక్, రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని.